మన వీకెండ్ ట్రిప్పు, వాళ్లింట్లో డబుల్ డ్యూటీ: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ

ఇవాళ్టి ఎపిసోడ్‌లో డ్రోన్ షాట్లు లేవు, రిసార్ట్ రివ్యూ లేదు. రెండు రోజుల టూర్ మాత్రం ఉంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. నవ్వకండి, మా ఫ్రెండ్స్ ఆల్రెడీ నవ్వేశారు. "గోవా పోకుండా సూర్యాపేట పోయారా?" అని.

విషయం ఏంటంటే, మా పెళ్లయి ఏడాదిన్నర అయింది. మా ఆయన వైపు చుట్టాలు సగంమంది ఈ మూడు ఊళ్లలోనే ఉంటారు. పెళ్లిలో స్టేజీ మీద ఫొటో దిగడం తప్ప వాళ్లతో నేను పది నిమిషాలు కూర్చుని మాట్లాడింది లేదు. అందుకని ఒక శనివారం, ఆదివారం పెట్టుకుని ముగ్గురిళ్లకీ వెళ్లొచ్చాం.

రూట్ చెప్తాను, ఏం చూడొచ్చో చెప్తాను. వాటికంటే ముందు అసలు పాయింట్ చెప్పేస్తాను, లేకపోతే మధ్యలో స్కిప్ చేసి వెళ్లిపోతారు. మనం చుట్టాలింటికి వెళ్తే మనకది సెలవు. ఆ ఇంట్లో ఒక మనిషికి మాత్రం ఆ రోజు డబుల్ డ్యూటీ. ఆ మనిషి ఎవరో మీకు తెలుసు. మీ ఇంట్లో కూడా ఉంటుంది. ఆమెకి కూడా అది సెలవు కావాలంటే ఏం చేయాలి? ఇదే ఇవాళ్టి టాపిక్.

ముందు మ్యాప్. హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే, అంటే ఎన్‌హెచ్ 65 పట్టుకుంటే సుమారు 135 కిలోమీటర్లకి సూర్యాపేట. అదే రోడ్డు మీద ఇంకో 45 పోతే కోదాడ, అది దాటితే ఆంధ్ర బోర్డర్. కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా పడమటికి తిరిగితే 60 కిలోమీటర్ల చుట్టూ మిర్యాలగూడ. 2016 అక్టోబర్‌లో జిల్లాలు మారాక సూర్యాపేట, కోదాడ ఒక జిల్లా అయ్యాయి, మిర్యాలగూడ నల్గొండ జిల్లాలోనే ఉండిపోయింది. చుట్టరికాలకి మాత్రం ఇప్పటికీ మూడూ ఒకటే జిల్లా.

సూర్యాపేటకి, కోదాడకి రైలు లేదు. మిర్యాలగూడకి స్టేషన్ ఉంది. అందుకే బస్సులో వెళ్లి, చివర్లో మిర్యాలగూడలో రైలెక్కి తిరిగొచ్చేలా ప్లాన్ చేశాం. ఎక్స్‌ప్రెస్ బస్సులో నాది జీరో టికెట్, మా ఆయనది ఫుల్ టికెట్. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఫ్రీ కదా. ఆధార్ కార్డు చూపించి దర్జాగా కూర్చున్నాను. ఈ జీరో టికెట్ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

మొదటి ఇల్లు సూర్యాపేట. మా ఆయన వాళ్ల పెద్దమ్మ. నాకు పెద్దత్తమ్మ. గుమ్మంలో కాళ్లకి నీళ్లిచ్చింది, "మంచిగున్నవా బిడ్డా, గింత చిక్కిపోయినవేంది" అంది. పెళ్లినాటికంటే నేను నాలుగు కిలోలు పెరిగాను. అయినా ఆ మాట వింటే హాయిగానే ఉంటుంది, అబద్ధం ఎందుకు.

టేబుల్ మీద చూస్తే నాటుకోడి కూర, గారెలు, పప్పుచారు, బగారా అన్నం, పక్కన సేమ్యా పాయసం. వెళ్లింది మేమిద్దరం. వండింది ఎనిమిది మందికి సరిపడా. పొద్దున నాలుగున్నరకి లేచిందంట. మేం తింటుంటే ఆమె నిలబడే ఉంది. "కూర్చో పెద్దమ్మా" అంటే "మీరు తినుండ్రి, నేను తర్వాత తింట" అంది. పెద్దమామయ్య మాతో కూర్చుని తిన్నారు. ఆమె తినేసరికి మూడు దాటింది, కోడికూరలో మెడ ముక్కలు మిగిలాయి.

ఇది చెడ్డ ఇల్లు అని నేను చెప్పట్లేదు. చాలా మంచి ఇల్లు. ప్రేమ ఎక్కువైన ఇల్లు. మా అమ్మ ఇంట్లోనూ ఇంతే. నేను నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను. మాకు ఆన్‌కాల్ అని ఉండేది. శనివారం సర్వర్ పడిపోతే లేచి చూడాలి. కానీ ఆ డ్యూటీ చేస్తే సోమవారమో మంగళవారమో కాంప్ ఆఫ్ ఇచ్చేవారు. పెద్దత్తమ్మది ముప్పై ఏళ్ల ఆన్‌కాల్. కాంప్ ఆఫ్ ఎవరిస్తారు?

ఇది నా ఫీలింగ్ మాత్రమే అనుకోకండి, లెక్కలున్నాయి. కేంద్ర ప్రభుత్వం టైమ్ యూజ్ సర్వే అని చేస్తుంది, ఎవరు రోజులో ఏ పనికి ఎంతసేపు పెడుతున్నారని. 2024 సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు దానికి రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతున్నారు. మగవాళ్లు 88 నిమిషాలు. అంటే దాదాపు ఐదు గంటలు ఒక వైపు, గంటన్నర ఒక వైపు. ఇది మామూలు రోజుల సగటు. చుట్టాలొచ్చిన రోజు ఎంతవుతుందో మీరే ఊహించుకోండి.

సరే, మళ్లీ సూర్యాపేటకి. సాయంత్రం మేం పిల్లలమర్రి వెళ్దామనుకున్నాం. ఊరి దగ్గర్లోనే, ఆటోలో వెళ్లిపోవచ్చు. "పెద్దత్తమ్మా, నువ్వూ రా" అన్నాను. "నేనెందుకు బిడ్డా, మీరు పోయి రాండ్రి. మీరొచ్చేసరికి పూరీలు చేసి పెడ్త." చివరిసారి ఎప్పుడు వెళ్లావంటే ఆలోచించింది. చిన్నోడి పుట్టువెంట్రుకలప్పుడంట. ఆ చిన్నోడు ఇప్పుడు బీటెక్ మూడో సంవత్సరం.

నేను "రాత్రికి బయట టిఫిన్ చేద్దాం, నువ్వేం వండొద్దు" అన్నాను. ఆమె మొహం మారిపోయింది. "ఇంటికొచ్చిన కోడలికి బండి మీద తినబెట్టిన్రంటే నలుగురు ఏమంటరు?" అంది. ఇక్కడ మనం కొంచెం ఆగాలి. మనకది కష్టం తగ్గించే మాట. ఆమెకది పరువు. చేతినిండా పెట్టడంలోనే తన గొప్పతనం ఉందని ముప్పై ఏళ్లుగా అందరూ ఆమెకి చెప్పారు. నువ్వు వచ్చి ఒక్క సాయంత్రంలో "వండకు" అంటే, "నువ్వు అవసరం లేదు" అన్నట్టు వినబడుతుంది.

అప్పుడు మా ఆయన ఒక పని చేశాడు. లేచి వంటింట్లోకి వెళ్లి, బియ్యం కడిగి కుక్కర్ ఎక్కించాడు. "పొద్దుటి కూర ఉంది, పప్పుచారు ఉంది, అన్నం అయితది. ఇంక పనేముంది పెద్దమ్మా, చీర మార్చుకో" అన్నాడు. ఇంటి భోజనమే, బండి మీద కాదు. ఆమె పరువు పోలేదు, పూరీల పని తప్పింది. పెద్దమామయ్య టీ పెడతానన్నారు. చక్కెర డబ్బా ఎక్కడుందో ఆమెనే అడిగారు, అది వేరే విషయం.

అలా నలుగురం పిల్లలమర్రి వెళ్లాం. వెళ్లని వాళ్లకోసం చెప్తాను. కాకతీయుల కింద సామంతులుగా ఉన్న రేచర్ల రెడ్లు కట్టించిన శివాలయాలు. ఎరకేశ్వర, నామేశ్వర గుళ్లు. నల్లరాతి స్తంభాలు, వాటి మీద చెక్కిన పని చూస్తే రామప్ప గుర్తొస్తుంది. గుర్తు రావాలి కూడా, రామప్ప కట్టించిన రేచర్ల రుద్రుడు కూడా రేచర్ల వంశమే. రామప్ప శాసనం 1213 నాటిది. పిల్లలమర్రి ఎరకేశ్వరాలయం శాసనం 1208 నాటిది, అంటే ఐదేళ్లు ముందు. రామప్పకి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, అందరూ వెళ్తున్నారు. ఇక్కడ మేం వెళ్లిన సాయంత్రం పది మంది కూడా లేరు.

ఎరకేశ్వరాలయం అనే పేరు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? కట్టించిన ఆవిడ పేరు ఎరకసాని. బేతిరెడ్డి భార్య. తన పేరు మీదనే గుడి. ఈ సంగతి చెప్తే పెద్దత్తమ్మ స్తంభం మీద చెయ్యి వేసి కాసేపు చూసింది. "మొగని పేరు కాదా? ఆమె పేరేనా?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత గట్టు మీద కూర్చుంది. ఆ రోజు ఆమె కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి. ఒక గంట కూర్చున్నాం. తన పెళ్లి సంగతులు, మా ఆయన చిన్నప్పుడు చేసిన వెధవ పనులు, అన్నీ అక్కడే చెప్పింది. వంటింట్లో ఉన్నంతసేపు ఆమె నాతో మాట్లాడినవి "ఇంకొంచెం వేసుకో", "నెయ్యి వేయనా". గట్టు మీద మాత్రం ఒక మనిషి దొరికింది.

అంతా సినిమాలా మారిపోయిందనుకోవద్దు. ఆ రాత్రి పదకొండుకి నేను నీళ్ల కోసం లేస్తే, ఆమె పొద్దుటి దోశలకి పిండి రుబ్బుతోంది. ఒక్క సాయంత్రం సెలవు, అంతే. కానీ అదైనా దొరికింది.

సూర్యాపేటలో టైమ్ ఉంటే ఫణిగిరి కూడా చూడండి, జనగామ రోడ్డు వైపు. కొండ మీద బౌద్ధ క్షేత్రం. అక్కడ దొరికిన శిల్పాల్ని 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ఎగ్జిబిషన్‌లో పెట్టారు. న్యూయార్క్ వాళ్లు చూశారు, మా పెద్దత్తమ్మ చూడలేదు. నెక్స్ట్ టైమ్ అదే ప్లాన్.

ఆదివారం పొద్దున్నే కోదాడ బస్సు. ఊరు దాటగానే హైవే పక్కన దురాజ్‌పల్లి గుట్ట వస్తుంది. పెద్దగట్టు జాతర ఇక్కడే, రెండేళ్లకోసారి జరుగుతుంది. మేడారం తర్వాత తెలంగాణలో పెద్ద జాతర ఇదే అంటారు. ఆ రోజుల్లో హైవే ట్రాఫిక్‌నే దారి మళ్లిస్తారు, కాబట్టి టూర్ వేసుకునే ముందు డేట్లు చూసుకోండి.

కోదాడలో మా ఆయన చిన్నాన్న ఉంటారు. అక్కడికి వెళ్లేసరికి యాస కూడా మారుతుంది. "ఏంది బిడ్డా" కాస్తా "ఏమ్మా, ఇప్పుడా రావడం" అవుతుంది. చిన్నత్తమ్మ ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. పెళ్లిళ్ల సీజన్. ముందు రోజు ఫోన్ చేస్తే చిన్నమామయ్య "ఏం కావాలో చెప్పండి, వండిస్తా" అన్నారు. గమనించారా, "వండిస్తా". నేను ఫోన్ చిన్నత్తమ్మకి ఇమ్మన్నాను. "అత్తమ్మా, నిజం చెప్పండి, రేపు ఆర్డర్లు ఉన్నాయా?" ఆమె నవ్వి, సోమవారం పొద్దుటికి నాలుగు బ్లౌజులు ఇవ్వాలని చెప్పింది. మేమొస్తున్నామని రెండు వెనక్కి పంపేద్దామనుకుంటోందట. అంటే మా భోజనం ఖరీదు రెండు బ్లౌజుల కుట్టుకూలి. అది ఆమె సొంత డబ్బు.

"మీరు కుట్టుకోండి. భోజనం మేం దారిలో పార్సిల్ తెస్తాం, మీ దగ్గర ఒక పెరుగు గిన్నె ఉంటే చాలు" అన్నాను. సూర్యాపేటలో ఈ మాట అంటే పరువు సమస్య అయింది కదా, ఇక్కడ ఆమె "హమ్మయ్య" అంది. చూశారా, అందరికీ ఒకే మందు పనిచేయదు. ఒకరికి వండటం గర్వం, ఇంకొకరికి ఆ రోజు కూలీ పోవడం. ఎవరికి ఏదో మనం ఊహించుకోకూడదు, అడగాలి. అడిగేది కూడా ఇంటాయన్ని కాదు, వండేవాళ్లని.

మెషిన్ పక్కన కూర్చుని మూడు గంటలు కబుర్లు చెప్పుకున్నాం. హుక్కులు, కాజాలు నేను కుట్టాను, పర్లేదు, బీటెక్‌లో నేర్పనివి కూడా వచ్చు మనకి. చిన్నమామయ్య మాత్రం అలిగారు. "ఒక్క రాత్రి కూడా ఉండరా, సూర్యాపేటలో ఉన్నారుగా" అని. ఈ లెక్క చుట్టాలు బాగా వేస్తారు, ఎవరింట్లో ఎన్ని గంటలున్నారని. దీనికి నా దగ్గర పెద్ద సొల్యూషన్ లేదు. ముందే చెప్పాం, ఈసారి రాత్రి సూర్యాపేట, వచ్చేసారి రాత్రి మీ ఇల్లు అని. అయినా అలిగారు. అలగనివ్వండి, అలగడం కూడా చుట్టరికమే.

వచ్చేటప్పుడు చిన్నత్తమ్మ బొట్టు పెట్టి చీర పెట్టింది. ఇది కూడా ఆలోచించాల్సిన విషయమే. మనం తీసుకెళ్లేది ఒక స్వీట్ బాక్సు, వాళ్లు పెట్టేది కొత్త చీర, ప్యాంటు షర్టు గుడ్డలు. వద్దంటే బాధపడతారు. నేనైతే చీర తీసుకుని, "దీనికి బ్లౌజు మీరే కుట్టాలి, కుట్టుకూలి మాత్రం తీసుకోవాలి" అన్నాను. తీసుకోనంది. కొలతల జాకెట్‌లో డబ్బులు చుట్టి పెట్టి వచ్చాను.

అక్కడి నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ. దారంతా వరి. ఆ పచ్చదనం వెనక నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఉంది, లాల్‌బహదూర్ కాలువ అంటారు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ సాగర్‌కి శంకుస్థాపన చేశారు, 1967లో కాలువలకి నీళ్లు వదిలారు. ఆ నీళ్లొచ్చాకే ఈ వైపు వరి ఇంత పెరిగింది, వరి వెంట రైస్ మిల్లులొచ్చాయి. మిర్యాలగూడ అంటే ఇవాళ మిల్లుల ఊరు.

అక్కడ మా ఆయన అక్క, బావ. నాకు వదిన, అన్నయ్య. అన్నయ్య మిల్లులో పనిచేస్తారు. ఎండాకాలం కోతకొచ్చే యాసంగి వడ్లు ఎండకి లోపల పగిలిపోయి, పచ్చిబియ్యం ఆడిస్తే ఎక్కువ నూకలవుతాయని చెప్పారు. అందుకే వాటిని నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి తర్వాత ఆడిస్తారు. అదే ఉప్పుడు బియ్యం. మనం యాప్‌లో ఆర్డర్ పెట్టే బియ్యం వెనక ఇంత కథ ఉందని ఎవరికి తెలుసు?

వదిన మా జనరేషనే. ఫోన్‌లోనే చెప్పేసింది, "నేను స్పెషల్స్ ఏం చేయను, పులిహోర, పెరుగన్నం కట్టుకుని వాడపల్లి పోదాం." అన్నయ్య చింతపండు పిసికారు, మా ఆయన పల్లీలు వేయించాడు, కొంచెం మాడ్చాడు. నలభై నిమిషాల్లో బయటపడ్డాం. ముగ్గురిళ్లలోనూ మేం తిన్న అతి చిన్న మెనూ ఇదే. ఎక్కువసేపు నవ్వింది కూడా ఇక్కడే.

వాడపల్లి దామరచర్ల దాటాక వస్తుంది. కృష్ణా, మూసీ కలిసే చోటు. ఒడ్డున అగస్త్యేశ్వర స్వామి గుడి, లక్ష్మీనరసింహ స్వామి గుడి. నరసింహస్వామి గర్భగుడిలో స్వామి ముఖం దగ్గర ఉన్న దీపం ఆయన ఊపిరికి కదులుతుందని, కింద దీపం కదలదని భక్తులు చెబుతారు. నదికి అవతల ఒడ్డు ఆంధ్ర.

మూసీ అంటే హైదరాబాద్‌లో ఉండేవాళ్లకి ముక్కు మూసుకునే వంతెన కదా? అదే మూసీని శనివారం పొద్దున సూర్యాపేట రాకముందు హైవే మీద దాటాం. అక్కడ దాని మీద ప్రాజెక్టు కట్టి పొలాలకి వాడుతున్నారు. చివరికి వచ్చి ఇక్కడ కృష్ణలో కలుస్తోంది. మనం ఊళ్లో వదిలిన మురికి కూడా మనకంటే ముందే చుట్టాలూరికి వస్తోందన్నమాట. అక్కడివాళ్లు ఆ నీళ్లతోనే పంట పండించి మనకి పంపుతున్నారు. ఆ ఒడ్డున కూర్చుంటే నాకు మళ్లీ అదే ఆలోచన వచ్చింది. మన సుఖం వెనక ఎవరి పని ఉందో చూడాలంటే కొంచెం దూరం రావాలి.

సాయంత్రం మిర్యాలగూడలో రైలెక్కేశాం.

ఇప్పుడు ఒక ప్రశ్న నన్ను కామెంట్లలో అడుగుతారు, తెలుసు. "వాళ్లకి వండిపెట్టడంలోనే సంతోషం, నువ్వెందుకు దాన్ని సమస్య చేస్తున్నావ్?" కరెక్టే, సంతోషం ఉంది. పెద్దత్తమ్మ వేసిన రెండో గారె నేను వద్దనలేదు. కానీ సంతోషంగా చేసినా పని పనే, నడుం నొప్పి నొప్పే. ఇంకో మాట. అది అంత సంతోషమైతే మామయ్యలకి ఎందుకు మిగల్చకుండా అంతా అత్తమ్మలే తీసుకుంటున్నారు?

మీరు ఇలాంటి ట్రిప్పు ప్లాన్ చేస్తే నా వైపు నుంచి నాలుగు మాటలు. ఒకటి, ఫోన్ వండేవాళ్లకి చేయండి. ఎన్ని గంటలకి వస్తున్నారు, ఎన్ని పూటలు తింటారు, అన్నీ ముందే చెప్పండి. సర్‌ప్రైజ్ విజిట్ మనకే సర్‌ప్రైజ్, వాళ్లకి షాక్. రెండు, ఒక్క పూట భోజనం చాలు. మిగతా పూట బయటో, పొద్దుటి కూరతోనో. మూడు, ఎవరి వైపు చుట్టాలైతే వాళ్లే వంటింట్లోకి ముందు వెళ్లాలి. మా ఆయన పెద్దమ్మ ఇల్లు అది. అక్కడ కుక్కర్ పెట్టే చనువు కొత్త కోడలైన నాకు లేదు, ఆయనకి ఉంది. అబ్బాయిలూ, ఇది మీకే. నాలుగు, ఊళ్లో చూసే చోటికి వాళ్లని కూడా తీసుకెళ్లండి. గుడి పక్కనే ఉండి పదిహేనేళ్లుగా చూడనివాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు.

జీరో టికెట్ గుర్తుందా? పెద్దత్తమ్మ కూడా రాష్ట్రంలో ఎక్కడికైనా ఎక్స్‌ప్రెస్‌లో ఫ్రీగా వెళ్లొచ్చు. అడిగాను, ఎన్నిసార్లు వాడావని. రెండుసార్లంట. రెండూ హాస్పిటల్‌కి. బస్సుకి డబ్బులు అక్కర్లేదు, ఇంట్లోంచి కదలడానికి టైమ్ ఎవరివ్వాలి? అందుకే దసరాకి ఆమెని మా ఇంటికి రమ్మన్నాం, మామయ్య లేకుండా, ఒక్కదాన్నే. "ఆయనకు అన్నం ఎవరు పెడ్తరు?" అంది. మా ఆయన ఆల్రెడీ మామయ్యకి కుక్కర్ వీడియో ఒకటి వాట్సాప్ చేశాడు. ఆయన బొటనవేలు ఎమోజీ పెట్టారు. వస్తుందో రాదో చూడాలి, వస్తే ఎపిసోడ్ చేస్తా.

మీ ఇంట్లో చివర తినేది ఎవరో కామెంట్‌లో చెప్పండి. వీలైతే ఈ వీడియో వాళ్లకి కాదు, ముందు తినేవాళ్లకి పంపండి. ఉంటాను మరి, బై.